నేలగూలిన యుద్ధవిమానముల శకలములు



పల్నాటిలోని కారెంపూడి వీరులగుడిని మీలో పెక్కుమంది చూచియేయుందురు. ఏటేట కార్తికమాసపు అమావాస్యనాటికి వీరాచారమువారు తమ యిండ్లలో తరతరములుగా భద్రపఱచుకొన్న కొణతములను మోసికొని దూరగ్రామములనుండి అచ్చటికి చేరుదురు. వానికి నాగులేటిలో స్నానము చేయించి, పసుపు కుంకుమలు పెట్టి పూజింతురు. 12వ శతాబ్దమున ఆ సీమలో మడిసిన వీరుల యాయుధములని వారి నమ్మకము. తుప్పుపట్టిన ఆ యినుమునకు అంగడిలో వెలకట్టించినచో పూటబియ్యమునకైనను చాలదు. అయినను మోసెడివాడు దానిని ఇనుమని తలపడు. ఒక మనుష్యుడని తలచును.

ఆ దృశ్యమును బాల్యమునుండి చూచినవాడనగుటచేతనే కాబోలు, 2018 వేసవిలో ఇంగ్లండు దేశమున నేను చూచిన యొక చోద్యము నా మనస్సున గట్టిగా నాటుకొన్నది. 1940లో తమ పొలములలో కూలిన యుద్ధవిమానముల తునకలను అచ్చటివారు ఇప్పటికిని త్రవ్వితీసి, కడిగి, చీటి వ్రాసి, గాజుపెట్టెలలో నుంచుచున్నారు. కొందఱు అమ్ముచున్నారు కూడ. ఆ సంగతులను, వానివలన నాకు కలిగిన సంకటమును నేడు మీకు విన్నవించెదను.

మా అమ్మాయియు అల్లుడును కెంటు అను మండలమున కాపురముందురు. లండనునకు ఆగ్నేయముగా సముద్రమువఱకు వ్యాపించిన సీమ యది. ఎటు చూచినను ఆపిలుతోటలు, గొఱ్ఱెలమందలు, ఎఱ్ఱపెంకుటిండ్లు. సముద్రమునకు ఆవలియొడ్డు ఫ్రాన్సు. మిక్కిలి యిఱుకైన చోట నడుమ దూరము 21 మైళ్లు మాత్రమే. ఆ యిఱుకే ఆ సీమకు చేటు తెచ్చినది.

1940 జూన్ నెలలో ఫ్రాన్సు జర్మనులకు లొంగిపోయెను. ఇంగ్లండుపై సేనలను దింపవలెనన్నచో ముందుగా ఆకాశము తమ వశము కావలెనని జర్మనుల యెత్తు. అందువలన ఆ యేడు జూలై 10 మొదలు అక్టోబరు 31 వఱకు జరిగిన గగనసమరమును అచ్చటివారు బ్రిటను యుద్ధమని వ్యవహరింతురు. ఇంగ్లండు పక్షమున పోరాడిన ఫైటరు విమానములలో ముఖ్యమైనవి రెండు: హరికేను, స్పిట్‌ఫైరు. మొదటిది 1935 నవంబరులోను, రెండవది 1936 మార్చిలోను తొలిసారి యెగిరినవి. కీర్తియంతయు స్పిట్‌ఫైరునకే దక్కినది గాని, ఆ యుద్ధమున సంఖ్యచే అధికమైనది హరికేనే. రెంటికిని ఇంజను ఒక్కటియే. రోల్సురాయిసువారి మెర్లిను. దానికి 12 సిలిండర్లు. బరువు 600 కిలోలకు పైబడి యుండును. విమానమున కూర్చుండువాడు ఒక్కడే. నడపువాడును వాడే, రెక్కలలోని 8 మరతుపాకులను పేల్చువాడును వాడే. హరికేను వెనుకభాగమంతయు ఉక్కుగొట్టములకు కఱ్ఱబద్దలు కట్టి పైన గుడ్డ తొడిగినది. స్పిట్‌ఫైరు ఒడలెల్ల పలుచని అల్యూమినియపు రేకు. శకలములను గుర్తించుటకు ఈ భేదమే మొదటి ఆధారమగుటచే ఇంత వివరించితిని.

ఆ యుద్ధమున ఇంగ్లండు పక్షమున ఎగిరినవారు ఇంచుమించు 3000 మంది. అందు 544 మంది మరణించిరి. మన యూళ్లలో డిగ్రీ పరీక్షకు కూర్చుండెడి పిల్లల వయస్సు వారిలో అనేకులది. రెండు పక్షములవియు కలిపి రెండువేలకు మించిన విమానములు నశించినవి. కొన్ని సముద్రమున పడినవి. కొన్ని పొలములందు, తోటలందు, చిత్తడినేలలందు, ఇండ్ల కప్పులపైన పడినవి.

ఈ కథతో మనకేమి సంబంధమని మీరడుగవచ్చును. నేనును మొదట అట్లే తలచితిని. మా తాతగారు చెప్పెడి మాట యొకటి అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. ఆ రోజులలో గ్రామాధికారులు యుద్ధనిధి చందాలకని ఇంటింటికిని తిరిగెడివారట. ఇష్టపడి యిచ్చినవారెందఱో, కాదనలేక యిచ్చినవారెందఱో! ఇంగ్లండు వైమానికదళపు చరిత్రలు తిరుగవేయగా ఆ యుద్ధమున పోరాడిన 79వ దళమునకు, 264వ దళమునకు ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ అను పేరున్నదని తెలిసినది. సర్కారు జిల్లాలును రాయలసీమయు అప్పుడు ఆ రాజధానిలోనివే కదా. 152వ దళమునకు ‘హైదరాబాదు’ అనియు, 253వ దళమునకు ‘హైదరాబాదు సంస్థానము’ అనియు పేర్లు. 152వ దళపు ముద్రలో నిజాము ప్రభువు తలపాగాయే చిహ్నము. ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అని యర్థమిచ్చు వాక్యము దాని బిరుదు. అంతకుమునుపు 1918లో, మొదటి ప్రపంచయుద్ధమున, 110వ దళపు విమానములన్నియు నిజాము కానుకలే. ప్రతిదానిపైనను ఆ సంగతి తెలుపు వ్రాత యుండెనట. వానిలో ఒకటి జర్మనులకు చిక్కి, బెర్లినులో ప్రదర్శింపబడి, రెండవ యుద్ధకాలమున పోలండుదేశమునకు చేరి, 1977లో తిరిగి లండనునకు వచ్చినది. నేటికిని అచ్చటి వైమానిక ప్రదర్శనశాలలో దానిని చూడవచ్చును. 264వ దళమువారివి హరికేనులును కావు, స్పిట్‌ఫైరులును కావు. డిఫయంటు అను ఇద్దఱు కూర్చుండెడి విమానములు. 1940 ఆగస్టు చివర అవి వరుసగా కూలిపోగా ఆ దళము పగటిపోరునుండి విరమింపవలసివచ్చెను. మన తాతల అణాలును బేడలును అందు ఏ రేకునకు, ఏ మేకునకు పోయినవో చెప్పగలవారెవ్వరు?

ఇక కూలిన విమానముల గతి యేమైనదో వినుడు. విమానము పడినంతనే మొదట చేరెడివారు ఊరిపిల్లలు, ఆ పిదప పోలీసువాడు, ఆ వెనుక తుపాకి పట్టిన కావలివాడు. ఒక్క తునక ముట్టినను నేరమని ప్రకటనలుండెను. అయినను పిల్లలు ఊరకుందురా! బడిసంచులలో తూటాల గుల్లలు, జేబులలో రేకుముక్కలు. పైలటు తలచుట్టు నుండెడి పారదర్శకమైన కప్పు పెర్‌స్పెక్సు అను పదార్థముతో చేసినది. దాని ముక్కలను ఆకురాయితో రుద్ది ఉంగరములుగా చేసికొని వారు మార్పిడి చేసికొనెడివారు. బడి పిల్లలతో ఏండ్ల తరబడి మెలగినవాడను. ఉపాధ్యాయుడెంత వెదకినను ఆ జేబులలో సగము సరకైనను బయటపడియుండదు.

ప్రభుత్వమువారి కావలి అంత గట్టిగా నుండుటకు కారణము అల్యూమినియమునకు వచ్చిన కఱవు. 1940 జూలైలోనే గృహిణుల వంటపాత్రలనుసైతము విమానములకై అడిగిపుచ్చుకొనిరి. కూలిన విమానములను మిక్కిలి పొడవైన బండ్లపై నెక్కించి తీసికొనిపోయెడివారు. పనికివచ్చు భాగములు మరల విమానములకు పోయెను. తక్కినవి కరగి దిమ్మలయ్యెను. ఆక్స్‌ఫర్డు నగరము దాపున కౌలీ యను చోట అట్టి శిథిలముల గుట్టలుండెను. పాల్ నాష్ అను చిత్రకారుడు జర్మను విమానముల ఆ గుట్టను చూచి, వెన్నెలలో గడ్డకట్టిన యలలవలె భావించి, చిత్రించెను. ‘మృతసముద్రము’ అను అర్థముగల జర్మను పేరు ఆ చిత్రమునకు పెట్టినాడు. ఆ పేరు చూడగానే నేను చాలసేపు దానియెదుటనే నిలిచిపోయితిని.

అయితే అన్నిటిని తీయుట సాధ్యము కాలేదు. వేయి గుఱ్ఱముల బలముగల ఇంజను ముందు పెట్టుకొని, ముక్కు క్రిందికి వంచి, పూర్ణవేగమున దిగిన విమానము మెత్తని బంకమట్టిలో నిలువు రెండు మూడు మనుష్యుల లోతునకు దూరిపోవును. పైన మిగులునది గొయ్యి, కొన్ని రేకులు, నూనె మరక. యుద్ధసమయమున దానిని త్రవ్వుటకు తీరిక యెవ్వరికి? గొయ్యి పూడ్చిరి. రైతు మరల దున్నెను. కొన్నింటిలో మనిషియు ఉండిపోయెను.

ఉంగరములు చేసికొన్న పిల్లలు పెద్దవారైరి. 1960 తరువాత, ముఖ్యముగా ఆ యుద్ధముపై 1969లో ఒక గొప్ప చలనచిత్రము వచ్చిన పిదప, సెలవుదినములందు పారలు, యంత్రములు తీసికొని పొలములవెంట పడిన గుంపులు బయలుదేరినవి. వారి పని నాకు మన తాళపత్రముల శోధనను జ్ఞప్తికి తెచ్చినది. మొదట పుస్తకశోధన. ఫలానా దళపు దినచర్యలో ఫలానానాడు ఏ విమానము తిరిగి రాలేదో చూతురు. పోలీసు, అగ్నిమాపకశాఖల వ్రాతలు చూతురు. తరువాత ఊరి వృద్ధులను అడుగుదురు. ఇదియే కీలకము. ప్రభుత్వపు కాగితమున “ఫలానా గ్రామసమీపమున” అని మాత్రముండును. “ఆ సింధూరవృక్షమునకు ఇవతల, మా నాయన గుఱ్ఱములు బెదరిన చోట” అని చెప్పగలవాడు ఊరిలో ఒక్కడే యుండును. వాడు తప్పును చెప్పును సుమా! ఎనుబదియేండ్ల జ్ఞాపకము ఒక గట్టుమీదుగా ప్రక్కపొలములోనికి జరిగిపోవుట కద్దు. అందుచే ఆ పిదప ఇనుమును కనిపెట్టు పనిముట్టుతో నేలను గళ్లుగళ్లుగా వెదకుదురు.

త్రవ్వినకొలది మట్టియే సాక్ష్యమిచ్చునట. బంకమట్టిలో గాలి చొరదు. అల్యూమినియము కరగిన చోట మట్టి నీలిబూడిదరంగున కనబడును. ఇంకను లోతునకు పోగా గుప్పున పెట్రోలు వాసన కొట్టును. ఏబది, అఱువది ఏండ్లు పూడియున్న వాసన! గొడుగుపట్టు, తోలు, రబ్బరు, కాగితముసైతము ఆ తడిమట్టిలో చెడకుండును. సుద్దనేలలో పడినవి అంత అదృష్టము చేసికొనలేదు. సున్నపుగుణము రేకును తెల్లని పొడి చేయును. ఈ పనిలో అపాయములును కలవు. పేలని తూటాలుండును. చీకటిలో కనబడుటకై గడియారపు పలకలవంటివానికి పూసిన రేడియము నేటికిని దేహమునకు హాని చేయగలదు.

తీసిన తునకను కడుగుట మొదలు అసలైన చదువు ఆరంభమగును. ప్రతి భాగముపై కర్మాగారమువారు సంఖ్యలు గ్రుద్దిరి. స్పిట్‌ఫైరు భాగముల సంఖ్యలలో పెక్కింటికి మొదట 300 అని యుండును. కాసిల్ బ్రామిచ్ కర్మాగారమునందు చేసినవానిపై సి.బి.ఎ.ఎఫ్. అను అక్షరములు కనబడును. తూటాల గుల్లల యడుగున చేసిన సంవత్సరముండును. ఇంజనుమీది ఫలకమున ఇంజను సంఖ్య యుండును. ఆ సంఖ్య కాగితములలోని విమానముతో కలిసినచో విమానము తెలియును. విమానము తెలిసినచో ఆనాడు దానిని ఎక్కినవాడు తెలియును. తాళపత్రగ్రంథము చివర వ్రాయసకాడు తన పేరు, ఊరు, సంవత్సరము, తిథి వ్రాసి ముగించినట్లే. ఆ కడపటి యాకు పోయినచో గ్రంథమెంత గొప్పదైనను దిక్కులేనిదగును. మా గురువులు కట్ట విప్పగానే మొదటి యాకు చూడక చివరి యాకు చూచెడివారు.

పేరు తెలియుటకు గల విలువ యెంతటిదో ఒక ఉదాహరణము చెప్పెదను. 1940 సెప్టెంబరు 7వ తేదీన 46వ దళమునకు చెందిన ఫ్లయిటు లెఫ్టినెంటు హ్యూ బెరెస్‌ఫర్డు హరికేనుతో సహా కనబడకపోయెను. ఇంగ్లండున సమాధి తెలియని వైమానికులకై రన్నీమీడు అను చోట 1953లో నెలకొల్పిన స్మారకమందిరమున ఇరువదివేలకు పైబడిన పేర్లు చెక్కియున్నవి. మన వీరగల్లులవంటిదే యది; అయితే రాయి యొక్కటి, వీరులు ఇరువదివేలు. 1979లో షెప్పీ యను దీవిలోని చిత్తడినేలను త్రవ్వగా హరికేను దొరికెను. అందు బెరెస్‌ఫర్డు ఉండెను. ఆ యేడు నవంబరులో సైనికమర్యాదలతో బ్రూక్‌వుడ్డు శ్మశానమున అతనికి సమాధి చేసిరి. 39 ఏండ్లకు జరిగిన అంత్యక్రియ! అస్థిసంచయనము మన ఋషులు విధించిన కర్మ. చచ్చినవాని యెముకలను ఏరి తీసికొనువఱకు బ్రదికినవారికి ఆ చావు పూర్తికాదు. దేశమేదైనను మనుష్యులింతే.

కాని ఈ మాటకు రెండవవైపును కలదు. వేడుకకు రేకులేరుకొనవచ్చినవాని పారకు ఎముక తగిలినచో? అట్టి సంఘటనలు జరిగినవి. చచ్చినవానిని కదలింపరాదని చెప్పిన కుటుంబములును కలవు. తీసి సంస్కారము చేయుడని వేడుకొన్న కుటుంబములును కలవు. తుదకు 1986లో పార్లమెంటు ఒక శాసనము చేసెను. మునిగిన యుద్ధనౌకలకును, కూలిన సైనికవిమానములకును అది వర్తించును. బ్రిటనులో సైనికసేవయందుండి కూలిన ఏ విమానమైనను, స్వపక్షముదైనను శత్రుపక్షముదైనను, రక్షణశాఖ యనుమతిలేక త్రవ్వుట నేరము. లోపల మనిషి యుండునని తోచినచో సాధారణముగా అనుమతి నీయరు. త్రవ్వకమున ఎముక కనబడినచో పని నిలిపి అధికారులకు తెలుపవలెను. పైలటు సొంతవస్తువులు దొరికినచో వానినప్పగింపవలెను. నా మట్టుకు ఈ చట్టము న్యాయమనియే తోచినది. అయితే ఎదురుచూచుచు కన్నుమూసిన తోబుట్టువులయెడ అది కఠినముగా నుండదా యని అడిగినచో నాయొద్ద ఉత్తరము లేదు.

అన్ని త్రవ్వకములును దుఃఖముతోనే ముగియవు. 1940 సెప్టెంబరు 15న రే హోమ్సు అనువాడు లండను నగరముపై ఒక జర్మను బాంబరును తన హరికేనుతో ఢీకొట్టెను. బాంబరు విక్టోరియా రైలుస్టేషను ముంగిట పడెను. హరికేను నడివీథిలో నేలకు దూరిపోయెను. హోమ్సు గొడుగుతో దిగి, ఒక ఇంటి కప్పుమీదినుండి జాఱి చెత్తకుండలో పడి బ్రదికెను! ఆ వీథిని 2004లో త్రవ్వగా మెర్లిను ఇంజను వెలువడినది. అది దేశమంతయు టెలివిజనులో చూచినది. అప్పటికి హోమ్సు 89 ఏండ్ల వృద్ధుడై సజీవుడుగా నుండెను. మఱుసటియేడు గతించెను. 2013లో సాలిస్‌బరీ మైదానమున ఒక స్పిట్‌ఫైరు శకలములను త్రవ్వినవారు ఇటీవలి యుద్ధములలో గాయపడివచ్చిన సైనికులు. చిన్న తాపీలతో, కుంచెలతో, అంగుళమంగుళము కొలత వేయుచు చేసిరి. ఒక తరపు సైనికుని వస్తువును మఱొక తరపు సైనికుడు చేతికెత్తుకొనుట! ఆ విమానపు పైలటు ఆనాటికి గొడుగుతో దిగి బ్రదికినను, కొలదికాలమునకే మఱొక పోరాటమున మరణించినాడు.

ఇక వ్యాపారము సంగతి. 1940 మే నెలలో ఫ్రాన్సున కాలే పట్టణపు సముద్రతీరమున దిగబడిన స్పిట్‌ఫైరునొకదానిని ఇసుక మ్రింగెను. 1980లో అలలు ఇసుకను లాగికొనిపోగా అది బయటపడెను. దానిని బాగుచేయించి 2011లో మరల ఎగురవేసిరి. 2015లో వేలమున ముప్పదియొక లక్షల పౌండులకు పైగా పలికినది. ఆ సొమ్ము ధర్మకార్యములకు పోయెను, మంచిదే. అయితే అందు పాతరేకు మిక్కిలి కొంచెము; తక్కినది క్రొత్త. మన పల్లెలలో జీర్ణోద్ధారణ చేసిన గుడివంటిది. మూలవిరాట్టు పాతది, గోపురము నిన్నటిది. భక్తునకు అభ్యంతరము లేదు. చరిత్రకారుడు మాత్రము రెంటిని వేఱుగా చెప్పవలెను. ఇట్టి గొప్ప బేరములచే ప్రతి చిన్నతునకకును వెల వచ్చినది. వెల వచ్చినచోటికి అబద్ధము నడచివచ్చును.

నా సంకటము ఇచ్చట మొదలైనది. ఒక ఆదివారమునాడు అల్లుడు నన్నొక సంతకు తీసికొనిపోయెను. పాత సామానులమ్మెడి సంత. ఒక బల్లపై అఱచేయంత రేకు, ఒకప్రక్క పచ్చరంగు వేసినది, అంచున వరుసగా రివెట్ల రంధ్రములు. “హరికేను, కెంటు, 1940” అని చీటి కట్టియుండెను. వెల 15 పౌండులు. “మామయ్యగారూ, ఇనుపసామానుల కొట్టులో ఇంతకంటె మంచిది దొరకును” అని అల్లుడు నవ్వెను. నేను వినలేదు. ఏదో కొణతమును చేపట్టినట్లు ఒడలు పులకరించెను. కొంటిని.

మఱునాడు దాపునున్న చిన్న ప్రదర్శనశాలకు దానిని గర్వముతో తీసికొనిపోయితిని. అచ్చటి వృద్ధుడొకడు, జీతము లేక ఆ పని చేసెడివాడు, భూతద్దము పెట్టి త్రిప్పిత్రిప్పి చూచెను. రంగు మాటున గ్రుద్దిన అంకెలు నాకును చూపెను. మొదటి మూడును 300. “ఇది హరికేను కాదు, స్పిట్‌ఫైరు” అనెను. పోనిండు, ఇంకను మేలే యని నేను తలచుచుండగా, “ఈ సంఖ్యగల భాగములను ఆ తరువాతి యేండ్లలో చేసిన స్పిట్‌ఫైరులకును వాడిరి. 1940దో, 1944దో చెప్పలేము. దీనిని ఏ పొలములో త్రవ్విరి?” అని అడిగెను.

తెలియదంటిని.

“అయినచో ఇది ఎవ్వరిదియు కాదు” అని దానిని మెల్లగా నా చేతిలో పెట్టెను. ప్రదర్శనశాలకు ఇచ్చివేయుదునన్నను తీసికొనలేదు. చోటు తెలియని వస్తువును పట్టికలో ఏ పేరుక్రింద వ్రాయవలెనని అతని ప్రశ్న. అందు కోపము లేదు, వెటకారము లేదు. బడిలో తప్పులెక్క చేసిన పిల్లవానికి పలక తిరిగి యిచ్చినట్లిచ్చెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. రేకునకు కాదు. 1985 ప్రాంతమున నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనై యొక పల్లెటూరి బడిలో చేరిన రోజులలో, ఆ యూరి చెరువుకట్టపై ఒక వీరగల్లు ఒరిగిపోయి యుండెను. విల్లుపట్టిన వీరుడు, కాళ్లయొద్ద ఆవులు, పైన సూర్యచంద్రులు. పిల్లలకు చరిత్రయందు అభిరుచి కలుగునను ఉత్సాహముతో దానిని ఎద్దులబండిమీద తెప్పించి బడియావరణలో నిలిపితిని. గొల్లవృద్ధుడొకడు బండివెంట నడచివచ్చి, “అయ్యా, ఆ కట్ట ఆయనది” అని ఏదో పేరు చెప్పెను. పండితుడననెడి అహంకారము కదా! శాసనాక్షరములు లేని రాయికి పేరేమిటని నేను వ్రాసికొనలేదు. తరువాత నాకు బదిలీ అయినది. ఆ వృద్ధుడును గతించెను. ఇప్పుడా రాయి బడిగోడప్రక్క రంగులు పూసికొని నిలిచియున్నది. ఏ కట్టదో పిల్లలకు తెలియదు. దానిపైని వాని పేరు నాకును తెలియదు.

ఇంటికి తిరిగివచ్చినపిమ్మట రెండు పనులు చేసితిని. మొదటిది, ఆ రేకునకు కట్టిన అబద్ధపుచీటి చించి క్రొత్తచీటి వ్రాసితిని: “స్పిట్‌ఫైరు విమానపు రేకు. కాలము తెలియదు. దొరికిన చోటు తెలియదు. కెంటు సీమలో సంతయందు 2018లో కొన్నది.” మా యింట కడపటి యాకు పోయిన తాళపత్రకట్ట యొకటి కలదు; దానిప్రక్కనే ఉంచితిని. రెండవది, ఆ పల్లెకు పోయి, కట్టపై రాయియుండిన చోటు వెదకితిని. ఉత్తరపుతూమునకు పడమరగా ఏబది యడుగుల దూరమున, ఇప్పుడు తుమ్మచెట్లు మొలచిన మిట్ట. అది మాత్రము నాకు నిశ్చయముగా గుర్తున్నది. ఆ వివరమును, వృద్ధుడు చెప్పిన పేరును నేను పోగొట్టితినను సంగతిని కాగితముపై వ్రాసి, సంతకము చేసి, బడిలో ఇప్పటి ప్రధానోపాధ్యాయునకు ఇచ్చితిని. ఆయన దానిని అద్దము కట్టించి రాతిప్రక్కనే గోడకు తగిలించినాడు. గొల్లవారి యిండ్లలో ఆ పేరు ఎఱిగినవారెవరైన మిగిలియుందురేమో యని ఇప్పటికి మూడుమారులు పోయి అడిగితిని. వచ్చు సంక్రాంతికి మఱల పోవుచున్నాను.